విమానాశ్రయం వస్తే మన పిల్లలకు ఏం పని?



హోసూరులో 2000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికుల కోసం అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని 2024 జూన్ 27న తమిళనాడు శాసనసభలో ప్రకటించారు. అప్పటినుంచి టీ కొట్టు దగ్గరా, షిఫ్టు మారే గేటు దగ్గరా ఇదే మాట. సంతోషమే. కాని బెంగళూరు విమానాశ్రయంతో కుదిరిన ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపు కొత్త విమానాశ్రయం 2033 దాకా రాకూడదన్న నిబంధన ఉంది. ఇది దాచి 'ఉద్యోగం ఇప్పిస్తాం, అడ్వాన్సు కట్టండి' అనేవాళ్లకు పైసా ఇవ్వకండి.

మనకు విమానం కొత్త కాదు. బెళగొండపల్లిలో తనేజా కంపెనీ 1990లలోనే ఇటలీ పార్టెనావియా డిజైనుతో ఆరు సీట్ల విమానాలు తయారు చేసింది. స్పిన్నింగులో బేరింగు చప్పుడు విని జబ్బు చెప్పగల మనవాళ్లకు ఆ పని రాదంటే నేనొప్పుకోను. అయితే చెవికి సర్టిఫికెట్టు ఇవ్వరు. విమాన మరమ్మతు లైసెన్సు చదువుకు ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్ ఉండాలి. పదో తరగతి అయ్యాక గ్రూపు ఎంచుకునే రోజే ఇది తేలిపోతుంది. ఆడపిల్లలకూ ఇదే మాట. నేను పదితో మిల్లుకొచ్చినవాణ్ణి, నాకు చెప్పినవాళ్లు లేరు.

భూమి పోయే కుటుంబాలకూ, స్థానికులకూ పర్మనెంటు పోస్టులు కాగితం మీద రాసివ్వాలి. హోసూరు ఐటీఐలో విమాన పనుల కోర్సు పెట్టాలి. లోడింగు, క్లీనింగు కాంట్రాక్టు మాత్రం మన మొహాన పడేస్తే ఊరుకోం. వచ్చే జనరల్ బాడీలో ఈ తీర్మానం పెడుతున్నాం. పదో తరగతి చదివే పిల్లల్ని వెంట తీసుకురండి.

– కార్యదర్శి