కలిపితే చాలదు, కలవాలి

గత స్వచ్ఛతా పఖ్వాడాలో మా పిల్లలు బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అంతా తిరిగి నాలుగు గోనెసంచుల ప్లాస్టిక్ ఏరుకొచ్చారు. కబాడీవాలా ఒక సంచి విప్పి చూసి, అన్నీ కలిపేశారు, నాకు పనికిరాదని వెళ్లిపోయాడు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. తప్పు వాళ్లది కాదు. ఏరమన్నామే గాని, వేరు చేయమని చెప్పని పెద్దలది.

ప్లాస్టిక్‌లు కలవవని కాదు. రోజూ మన గుమ్మంలోకి వచ్చే పాల ప్యాకెట్ సాధారణంగా రెండు రకాల పాలిథిన్‌ల కలయికే. ఎల్‌ఎల్‌డీపీఈ గట్టిది, తేలిగ్గా చిరగదు. కానీ దాన్ని కరిగించి, బుడగలా ఊది పలుచని పొర తీసేటప్పుడు ఆ బుడగ నిలకడగా ఉండదు. ఎల్‌డీపీఈ అణువులకు పొడవైన కొమ్మలుంటాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుని, కరిగిన ముద్ద సాగినా తెగకుండా పట్టి ఉంచుతాయి. అందుకే దాన్ని కొంత కలుపుతారు. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

నీళ్ల సీసా సంగతి వేరు. 2003 నుంచి దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు కేంద్రమైన మన ఊళ్లో అవి రోజూ రైళ్లతో పాటే దిగుతాయి. సీసా పెట్ ప్లాస్టిక్, సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మూత ఎక్కువగా హెచ్‌డీపీఈ, 130 డిగ్రీలకే కరుగుతుంది. కలిపి కరిగించినా నూనె, నీళ్లలా విడిగానే ఉంటాయి. చల్లారాక ఆ ముద్దకు బలం ఉండదు. రెండింటినీ పట్టి ఉంచే మధ్యవర్తి పదార్థాలున్నాయి. కానీ సంచిలో ఏది ఎంతుందో తెలియకపోతే అవి ఎంత వేయాలి?

ఎలాగూ ఫ్యాక్టరీలో వేరు చేస్తారు కదా అన్నారు ఒక సహోద్యోగి. నిజమే, అక్కడ ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలుతాయి. మీరూ బకెట్‌లో వేసి చూడండి. కానీ మన సంచి ఫ్యాక్టరీ దాకా వెళ్లనే లేదు, బడి గేటు దగ్గరే ఆగిపోయింది!

అందుకే ఈసారి ఎన్ని కిలోలు ఏరామన్నది కాదు, ఎంత బాగా వేరు చేశామన్నది లెక్కిద్దాం. మూడు సంచులు పెడదాం: సీసాలకొకటి, మూతలకొకటి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లకొకటి. ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించకండి. ఆ చిన్న ముక్క ఏ సంచికీ చేరదు.

బదిలీల మీద ఇది నాకు ఐదో ఊరు. కొత్త పిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినంత మాత్రాన కలిసిపోరని ప్రతి ఊళ్లోనూ చూశాను. ఎవరిది ఏ భాషో, ఏ స్వభావమో ముందు తెలుసుకోవాలి. ప్లాస్టిక్ విషయంలోనూ అంతే.