నంబరు అదే... బస్సు వేరే!

డబుల్‌ డెక్కర్‌ అనగానే హైదరాబాద్‌ వాళ్లకి ఠక్కున గుర్తొచ్చేది 7జెడ్‌. సికింద్రాబాద్‌లో ఎక్కి, గబగబా మెట్లెక్కి పైన ముందు సీటు పట్టేశామా... ట్యాంక్‌బండ్‌ మొత్తం మనదే! జూపార్కు వచ్చేదాకా పిల్లల్ని ఆ సీట్లోంచి కదపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ బస్సులకి పెద్దన్నలాంటిది లండన్‌లో ఉంది. పేరు రూట్‌మాస్టర్‌. కీచైన్లమీద, బొమ్మల దుకాణాల్లో కనిపించే ఎర్ర బస్సు అదే.

మొదటిది 1954లో తయారైంది. రకరకాల పరీక్షలయ్యాక 1956 ఫిబ్రవరిలో ప్రయాణికులతో రోడ్డెక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌ రవాణా సంస్థ బాంబర్‌ విమానాల తయారీలో పాలుపంచుకుంది. అక్కడ వంటబట్టిన అల్యూమినియం పనితనమంతా ఈ బస్సులో చూపించారు. దాంతో పాత బస్సులో 56 సీట్లుంటే ఇందులో 64 పట్టాయి. బరువు మాత్రం పెరగలేదు! పవర్‌ స్టీరింగ్‌, ఆటోమేటిక్‌ గేర్లు... అప్పట్లో చాలా కార్లకే లేని సౌకర్యాలు. 1968 దాకా మొత్తం 2,876 బస్సులు చేశారు.

డ్రైవర్‌ది ముందు విడి గది. పక్కన ఇంజిన్‌ తప్ప తోడెవరూ ఉండరు. వెనక వ్యవహారమంతా కండక్టర్‌దే. మన దగ్గర 'రైట్‌ రైట్‌' అన్నట్టు అక్కడ తాడు లాగి రెండుసార్లు గంట కొడితే బండి కదులుతుంది. వెనక తలుపు ఉండదు. సిగ్నల్‌ దగ్గర ఆగితే చాలు, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు.

అసలు ముచ్చట ఆల్డెనామ్‌ వర్క్‌షాపులో ఉంది. కొన్నేళ్లకోసారి ప్రతి బస్సునీ అక్కడికి తీసుకెళ్లి పూర్తిగా విప్పేసేవారు. బాడీ ఒకవైపు, ఇంజిన్‌, చక్రాల భాగాలు మరోవైపు. విడిభాగాలన్నీ ఒకే కొలతల్లో ఉండేవి కాబట్టి ఏ బాడీకి ఏ భాగమైనా సరిపోయేది. బస్సు లోపలికెళ్లగానే దాని నంబరును అప్పటికే సిద్ధమైన మరో బస్సుకి తగిలించి బయటికి పంపేసేవారు. అంటే పొద్దున లోపలికెళ్లిన నంబరే మళ్లీ రోడ్డుమీద తిరుగుతుంటుంది... బస్సు మాత్రం వేరే! ఆ పద్ధతివల్లే ఒక్క బస్సూ ఊరికే మూలన పడి ఉండేది కాదు. దాని పుణ్యమే ఇప్పుడు పాత బస్సులు కొనుక్కున్నవాళ్లకి చిక్కయింది. 'నాది ఫలానా నంబరు' అని గొప్పగా చెప్పుకునే ఆసామి బాడీమీద చెక్కిన అంకె వెతికితే ఇంకో కథ బయటపడుతుంది.

ఆల్డెనామ్‌ 1986లో మూతపడింది. ఒక్క డ్రైవరే టికెట్లూ ఇచ్చే బస్సులొచ్చాక కండక్టర్‌ జీతం ఖర్చులా కనిపించసాగింది. తెరిచిన వెనకభాగం నుంచి జారిపడేవాళ్లూ ఉండేవారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఈ బస్సు ఎక్కే దారే లేదు. బస్సుమీద ఎంత మమకారం ఉన్నా ఆ మాట కాదనలేం. చివరికి 2005 డిసెంబరు 9న 159 నంబరు రూట్లో ఆఖరి ప్రయాణం. దారిపొడవునా జనం బారులు తీరారు. ఆ తర్వాత 9, 15 రూట్లలో కొన్నిటిని జ్ఞాపకంగా తిప్పారుగానీ అవీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

మరి మిగిలినవి? మొట్టమొదటి బస్సు లండన్‌ ట్రాన్స్‌పోర్ట్‌ మ్యూజియం దగ్గర భద్రంగా ఉంది. అభిమానులు కొన్నవి వందల్లో ఉన్నాయి. కొనడం సరే, పెట్టేదెక్కడ? 14 అడుగులకు పైగా ఎత్తు. ఏ ఇంటి షెడ్డూ చాలదు. బయట వదిలేస్తే వాన. కదపకపోతే బ్రేకులు పట్టేస్తాయి. అందుకే అప్పుడప్పుడూ తిప్పాలి.

అలా తిప్పడానికి వాళ్లు ఎంచుకున్న ఊరు... ఇంబర్‌. 1943లో సైన్యం శిక్షణ కోసమని ఆ ఊరివాళ్లందర్నీ ఖాళీ చేయించారు. మళ్లీ రానివ్వలేదు. 2009లో కొందరు బస్సు ప్రేమికులు సైన్యం అనుమతితో అక్కడికి రూట్‌మాస్టర్లు నడిపారు. అప్పట్నుంచి వేసవిలో ఒక్కరోజు అదో జాతర. దీన్ని మొదలుపెట్టినవాళ్లలో పీటర్‌ హెండీ ఒకరు. ఎవరనుకున్నారు? 2005లో రూట్‌మాస్టర్లు సెలవు తీసుకున్నప్పుడు లండన్‌ రోడ్డు రవాణా వ్యవహారాలు చూసిన పెద్దాఫీసరే! ఆయనకి సొంత రూట్‌మాస్టర్‌ కూడా ఉంది.

ఆ రోజు కండక్టర్లు టికెట్లు కొడతారు. వచ్చిన డబ్బు ఊళ్లో మిగిలిన పాత చర్చి మరమ్మతులకీ, మాజీ సైనికుల సంక్షేమానికీ వెళ్తుంది. మనుషుల్లేని ఊరికెళ్లే ఆ బస్సు నంబరు 23ఎ.