బొమ్మల కార్ఖానా మూతపడితే?

బొమ్మల కార్ఖానా మూతపడితే, మన దగ్గరున్న బొమ్మల వెల పెరుగుతుందా? చూద్దాం.

ఇంగ్లండులోని లివర్‌పూలులో మెకానో కంపెనీవారు ‘డింకీ’ అనే లోహపు చిట్టికార్లు చేసేవారు. 1979లో ఆ కార్ఖానా మూతపడింది. అక్కడినుంచి కొత్తవి రావడం ఆగిపోయింది. అయినా పాతవాటన్నిటికీ వెల పెరగలేదు. ఎందుచేతనంటే, సరుకు తక్కువైతే చాలదు, కోరేవారూ ఉండాలి. రంగు ఊడిన మామూలు కారు నేటికీ చవకే.

1939కి ముందు, అంటే యుద్ధానికి పూర్వం చేసిన కార్లు అరుదు. అప్పటి జింకు మిశ్రమంలో కొద్దిపాటి సీసం కలిసినందువల్ల చాలా కార్లు బీటలువారి పొడిపొడి అయిపోయాయి. చెక్కుచెదరక మిగిలినవాటికి మంచి వెల ఉంది. తరువాతికాలపు కార్లకు అట్టపెట్టె కూడా ఉంటే వెల హెచ్చు. పిల్లలు కారు తీసుకుని పెట్టె పారేశారు కదా! అందరూ దాచి ఉంటే, అది అరుదయ్యేదే కాదు.

కాబట్టి, ‘ఈ కంపెనీ మూసేస్తున్నారు, ఇప్పుడే కొని దాచండి’ అని ఎవరైనా అంటే, హుండీ పగలగొట్టకండి. మీతోపాటు వేలమంది దాస్తారు. ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి, ఎందరు కోరుతున్నారు? ఈ మూడూ ముందు అడగండి. మీ బొమ్మతో మాత్రం హాయిగా ఆడుకోండి.