సైరన్ మోగింది, ఎవరూ లేవలేదు

సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పిన మొదటి మాట: "మూడు రాత్రులు మీ అలారం మోగింది సార్." మొదటి రాత్రి అతనూ, ఎదురింటి మాస్టారూ టార్చిలైటుతో వచ్చి తాళం లాగి చూశారట. రెండో రాత్రి వాచ్‌మన్ ఒక్కడే వచ్చాడు. మూడో రాత్రి? "మీదే కదా అని పడుకున్నా సార్" అన్నాడు, దాపరికమేమీ లేకుండా. దొంగ ఎవరో ఇంట్లోకి వెళ్లాక తెలిసింది. హాల్లో సెన్సర్ మీద కాపురం పెట్టిన బల్లి.

మనిషిని చూసి అరుస్తుందనుకునే ఈ సెన్సర్‌కి నిజానికి మనిషంటే ఏమిటో తెలియదు. ఇళ్లలో ఎక్కువగా వాడే పీఐఆర్ రకం, శరీరాల నుంచి వెలువడే వేడిని, అంటే పరారుణ కిరణాలను పసిగడుతుంది. దాని ముందున్న గీతల ప్లాస్టిక్ కటకం గదిని పట్టీలుగా విడదీస్తుంది. ఒక పట్టీ నుంచి మరో పట్టీకి వేడిలో తేడా చకచకా కదిలితే ఎవరో నడుస్తున్నట్టే లెక్క. పది అడుగుల దూరంలోని మనిషి చేసే పనిని కటకం మీద పాకే బల్లి కూడా చేయగలదు. కిటికీలోంచి హఠాత్తుగా పడే ఎండ, ఏసీ గాలి తగిలే కర్టెన్, వంటింటి కిటికీలోంచి దూరే పిల్లి అన్నీ దానికి అనుమానితులే. అందుకే దాన్ని కిటికీకీ, ఏసీకీ ఎదురుగా పెట్టకూడదు. ఏడెనిమిది అడుగుల ఎత్తున గది మూలలో బిగించి, వైరు వెళ్లే రంధ్రాన్ని మూసేయాలి. చీమలూ పురుగులూ లోపలికి చేరేది అక్కడినుంచే. కుక్కో పిల్లో ఉన్న ఇంటికి వేడితోపాటు మైక్రోవేవ్ తరంగాలతోనూ కదలికను సరిచూసుకునే రెండు పద్ధతుల సెన్సర్ మేలు. ధర కొంచెం ఎక్కువే.

తలుపుకు బిగించేది మరీ సాదా పరికరం: రెక్కకు అయస్కాంతం, చట్రానికి స్విచ్. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు సరిగా పడకపోయినా, గాలికి కొట్టుకున్నా రెండూ ఎడమై సైరన్ మోగుతుంది. ఇక ప్యానెల్లో ఉండే బ్యాటరీని అందరూ మరిచిపోతారు. మూడు నుంచి ఐదేళ్లకు దాన్ని మార్చాలి. నీరసించిన బ్యాటరీ ఉన్న ఇంట్లో కరెంటు పోయి వస్తే ఏ అర్ధరాత్రైనా అలజడే.

అయితే యంత్రాల కన్నా మనుషుల పొరపాట్లే ఎక్కువ. తాళంచెవి ఇచ్చి కోడ్ చెప్పని పనిమనిషి, తెల్లవారుజామున బస్సు దిగిన బావమరిది, కోడ్ నొక్కడానికి ఇచ్చిన ముప్పై సెకన్లలో కళ్లజోడు వెతుక్కునే తాతగారు. చాలా ప్యానెళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇవ్వొచ్చు, గడువూ పెంచుకోవచ్చు. బిగించినవాడు ఆ సంగతి చెప్పడు, మనమూ అడగం.

అమెరికా న్యాయశాఖ 2001లో పోలీసుల కోసం ప్రచురించిన మార్గదర్శిని ప్రకారం అక్కడ పోలీసులకు వచ్చే దొంగతనం అలారాల్లో 94 నుంచి 98 శాతం ఉత్తుత్తివే. విసిగిపోయిన సాల్ట్ లేక్ సిటీ 2000 డిసెంబర్‌లో కొత్త నిబంధన పెట్టింది: ముందు ప్రైవేటు గార్డు వెళ్లి చూడాలి, అనుమానం నిజమైతేనే పోలీసులు వస్తారు. మన దగ్గర ఎక్కువ ఇళ్లలో సైరన్ పిలిచేది పోలీసుల్ని కాదు, పక్కింటివాళ్లని. 'నాన్నా పులి' కథ మనందరికీ తెలిసిందే, అయినా ఖరీదు పెట్టి కొని గోడకు తగిలించుకుంటాం. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో ప్రవేశపెట్టిన, తాళం వేసిన ఇళ్ల నిఘా పద్ధతి ఈ విషయంలో నయం. కోరినవారి ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కి హెచ్చరిక వెళ్తుంది. చప్పుడు వేరు, బొమ్మ వేరు. వచ్చింది పిల్లో దొంగో బొమ్మ చెబుతుంది.

మాది పాతరకం, సైరన్ తప్ప మరేమీ తెలియదు. సెన్సర్ మూలకు మార్పించి, బ్యాటరీ కొత్తది వేయించాను. మాస్టారికి క్షమాపణ చెప్పి, వాచ్‌మన్‌కి నా ఫోన్ నంబరిచ్చాను. ఈసారి మోగితే వస్తావా అంటే కాసేపు ఆలోచించాడు. "ముందు మీకు ఫోన్ చేస్తా సార్" అన్నాడు.