ఆదవోని పెండ్లి

చారిత్రక నవలలు చదువుట కాలహరణమని తలంచు పెద్దలు నేటికిని కొందరు కలరు. చరిత్ర కావలసినచో చరిత్రగ్రంథమే చదువవచ్చును గదా, నడుమ ఈ కట్టుకథ యెందులకని వారి వాదము. అందు కొంత సబబు లేకపోలేదు. అయినను నేను వారి పక్షమున నిలువజాలను.

అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' నవలను చూడుడు. అది కాకతీయుల కాలపు కథ. ఆదవోని ప్రభువు కుమార్తె అన్నాంబికకు వరదారెడ్డితో వివాహము నిశ్చయమైనది. ఇంతలో గన్నారెడ్డి యను గజదొంగ వచ్చి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోయెను! పెండ్లికూతురును గొనిపోవు కథ మనకు క్రొత్త కాదు. రుక్మిణీకల్యాణము వినని తెలుగుబిడ్డ యుండడు. వరుని గొనిపోవుట యేమి? గొప్ప వంశమున పుట్టినవాడు దొంగ యగుట యేల? ఈ సందేహములు మనస్సును పట్టుకొన్న పిమ్మట పుస్తకము చేతినుండి దిగదు. సమాధానము నేను చెప్పను. ముందుగనే చివరిపుట తిప్పి చూచువారు విత్తనపు గింజలను వేయించుకొని తినువారితో సమానులు.

ఇందు మరియొక గుట్టు కలదు. గణపతిదేవుడు తన కుమార్తెను రుద్రదేవుడను పేర పురుషవేషమున పెంచెను. అది మనకు తెలియును. కథలోని పలువురకు తెలియదు. ఎవరు ఎప్పుడు కనిపెట్టుదురోయని మన గుండె కొట్టుకొనుచుండును. శాసనములలో సయితము రుద్రమదేవికి రుద్రదేవ మహారాజను పేరు కానవచ్చుచున్నది.

ఇక నిజమెంత? రాయచూరు కోటలో 1294వ సంవత్సరపు శాసనమొకటి మిక్కిలి పొడవైన రాతిపై చెక్కబడి యున్నది. గోన గన్నయరెడ్డి ఆజ్ఞపై విఠలనాథుడు ఆదవోని, తుంబళము మున్నగు కోటలను గెలిచి, పిదప రాయచూరు కోటను కట్టించెనని దాని సారాంశము. నవలలో ఆదవోని పెండ్లివారి యిల్లు. శాసనములో గెలిచిన కోట. రాయి పెండ్లిమాట యెత్తదు.

నా విద్యార్థి యొకడు చరిత్ర పరీక్షలో వరదారెడ్డి వృత్తాంతమంతయు వ్రాసెను. మార్కులు వేయలేదు, వేయరాదు. కాని ఆ తరగతిలో రుద్రమదేవి తండ్రి పేరు అడిగినచో తడుముకొనక చెప్పువాడు వాడొక్కడే.

మన కర్నూలునకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. ఇచట డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము'ను ప్రకటించిరి. తెలుగున తొలి నవల యిదియే యని కొందరును, 1878 నాటి వీరేశలింగముగారి 'రాజశేఖర చరిత్రము' అని కొందరును వాదింతురు. ఆ తగవు మనకేల? లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయి యెవరి బిడ్డ యను రహస్యము ఆ ప్రేమకథకు ప్రాణము. ఆయనయే 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును ఆంగ్లమున వ్రాసిరి. జిల్లా వివరములన్నియు పోగుచేసి గ్రంథస్థము చేసిన అధికారికి కట్టుకథ వ్రాయుట చిన్నతనముగా తోచలేదు. కథలన్న ముఖము చిట్లించువారు ఈ సంగతి కొంచెము ఆలోచింపవలెను.

ఆదవోనినుండి రాయచూరునకు రైలున్నది. నవల ముగించినవారు ఆ రాతిని చూచి రావచ్చును. మరల వచ్చి రెండవమారు చదువుడు. గుట్టు తెలిసిపోయినది గనుక ఈ మారు త్వరపడక, తొలిసారి దాటవేసిన వర్ణనలను గూడ చదువుదురు.