చీకటిని చీకటిగా ఉండనివ్వండి

సింగపూర్ చైనాటౌన్‌లో, సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద శ్రీ మారియమ్మన్ గుడి. 1827 నాటిది. ఏటా దీపావళికి ముందు అక్కడ తీమిది, అంటే మన నిప్పుల గుండం తొక్కడమే. మొదటిసారి కెమెరాను ఆటోలో వదిలేశాను. చుట్టూ చీకటే కదా అని అది తెగ వెలుతురు లాగేసింది. కణకణలాడే నిప్పులు సున్నం పోసినట్టు తెల్లగా వచ్చాయి. మరుసటేడు రెండు స్టాపులు తగ్గించి, వైట్ బాలెన్స్ పగటివెలుగు మీద పెట్టాను. ఐఎస్ఓ 3200. ఫోటో గరుకుగా వచ్చింది, రానీ.

ఫ్లాష్ కొట్టేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. నిప్పుల ఎరుపు పోవడం ఒకటి, ఉపవాసముండి కాలు పెడుతున్న మనిషి కళ్ళలోకి ఆ వెలుగు కొట్టడం ఇంకొకటి. తడబడి పడితే?

నేను తీసినవాటిలో నాకు నచ్చిన ఫోటోలో ముఖం కనిపించదు. రెండు పాదాలు, నిప్పు, ముందు పాలగుంట అంచు.