దప్పికతో మరణించే అడవి

ముంగిట నాటిన మొక్క ఎండిపోతే కారణం వెంటనే తెలుస్తుంది. నీరు పోయడం మరచిపోయాము. కాని వందేళ్ళకు పైగా ఎండనూ వాననూ తట్టుకుని నిలిచిన మహావృక్షం ఒకానొక కరవులో ఎందుకు కూలిపోతుంది? వర్షాలు మళ్ళీ కురిసిన తరువాత కూడా అది ఎందుకు కోలుకోదు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి అమెరికాలోని కాలిఫోర్నియా అడవులను మించిన ఉదాహరణ లేదు.

2012 నుండి 2016 వరకు ఆ రాష్ట్రం తీవ్రమైన కరవును చవిచూసింది. సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణ భాగంలో పచ్చని పైన్ వృక్షాలు కొండలకు కొండలే ఎర్రబారిపోయాయి. అటవీశాఖ వారు విమానాల నుండి పరిశీలించి లెక్కగట్టగా, ఒక్క 2016లోనే 6 కోట్ల 20 లక్షల చెట్లు చనిపోయినట్లు తేలింది. ఆ తరువాతి శీతకాలంలో వానలూ మంచూ పుష్కలంగా కురిశాయి. 2017 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని అత్యధిక ప్రాంతాలలో కరవు ముగిసిందని ప్రభుత్వం ప్రకటించింది. అయినప్పటికీ ఆ ఏటి లెక్కలో మరో 2 కోట్ల 70 లక్షల చెట్లు చేరాయి. 2010 నుండి లెక్కిస్తే మొత్తం 12 కోట్ల 90 లక్షలు!

చెట్టులో నీరు పైకి ఎక్కే తీరు తెలిస్తే ఈ మరణ రహస్యం బోధపడుతుంది. చెట్టుకు గుండె లేదు, నీటిని తోడే యంత్రమూ లేదు. ఆకుల మీద ఉండే పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకు వేరు నుండి కొమ్మ చివరి దాకా దారువులోని సన్నని నాళాలలో నీరు తెగని దారంలా పైకి సాగుతుంది. నేలలో తేమ తగ్గేకొద్దీ ఆ దారం బిగుసుకుంటుంది. బిగువు హద్దు దాటితే దారం తెగి, నాళంలోకి గాలి బుడగ చొరబడుతుంది. ఆ నాళం ఇక నీటిని మోయలేదు. ఇటువంటివి అనేకం మూసుకుపోయిన చెట్టుకు, పాదాల వద్ద నీరు నిలిచినా నోటికి అందదు. వాన వచ్చినా కొన్ని చెట్లు కోలుకోకపోవడానికి ఇదొక కారణం.

ఈ ముప్పును తప్పించుకోవడానికి చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది. కాని అదే ద్వారం గుండా రావలసిన బొగ్గుపులుసు వాయువు కూడా ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ మందగించి, ఆహారం తయారు కాదు. చెట్టు దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తూ బతకాలి. తలుపు తెరిస్తే దప్పిక, మూస్తే ఆకలి!

ఈ బలహీన స్థితిలోనే శత్రువు ప్రవేశిస్తుంది. బియ్యపు గింజంత ఉండే బెరడు పురుగు పైన్ చెట్టుకు రంధ్రం చేస్తే, ఆరోగ్యంగా ఉన్న చెట్టు జిగురును చిమ్మి దానిని బయటకు నెట్టివేస్తుంది. దప్పికగొన్న చెట్టుకు జిగురు చాలదు. కాలిఫోర్నియాలో పాండరోసా పైన్ వృక్షాలు అధికంగా నశించింది ఈ విధంగానే. కరవు ముగిసినా, అప్పటికే విపరీతంగా పెరిగిన పురుగులు తమ పని ఆపలేదు.

మన నల్లమల అడవులలోని చెట్లు ఎన్నో వేసవి రాకముందే ఆకులు రాల్చి నీటి ఖర్చును తగ్గించుకుంటాయి. అది తరతరాలుగా అలవడిన పొదుపు. అయితే ఏ పొదుపుకైనా హద్దు ఉంటుంది. ప్రపంచంలోని 81 ప్రాంతాలకు చెందిన 226 వృక్షజాతుల సమాచారాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాటిలో 70 శాతం జాతులు తమ నాళాలు తట్టుకోగల హద్దుకు అతి సమీపంలోనే జీవిస్తున్నాయని 2012లో వెల్లడించారు. వానలు విస్తారంగా కురిసే ప్రాంతాల చెట్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పైగా భూతాపం పెరిగేకొద్దీ గాలి ఆకుల నుండి మరింత నీటిని పీల్చుకుంటుంది. కనుక వర్షం అంతే తగ్గినా, నేటి కరవు నిన్నటి కరవు కంటే కఠినమైనది.

ఇందులో మానవుని పాత్ర మరొకటి ఉంది. చిన్న చిన్న మంటలను సైతం దశాబ్దాల తరబడి ఆర్పివేయడం వలన సియెర్రా నెవాడా అడవులు మితిమీరి చిక్కబడ్డాయి. కొద్దిమందికి సరిపోయే కుండలోని నీటిని ఇల్లంతా నిండిన బంధువులు పంచుకున్నట్లయింది. వేర్లు నేల లోతులలోని తేమను కూడా తోడివేశాయి. ఎండి నిలిచిన మానులు చివరకు ఇంధనమయ్యాయి. 2020 సెప్టెంబరులో అదే ప్రాంతంలో రేగిన క్రీక్ కార్చిచ్చు సుమారు 3,80,000 ఎకరాలను దహించింది. అందుకే అక్కడి అటవీ అధికారులు చిక్కదనాన్ని తగ్గించడం, అదుపులో మంటలు పెట్టడం వంటి చర్యలు చేపడుతున్నారు.

మన పెరటి చెట్టుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వేసవిలో రోజూ పైపైన చల్లే చెంబెడు నీటి కంటే, కొన్ని రోజులకొకసారి వేళ్ళు తడిసేలా పోసే నీరు మేలు. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. వాన పడగానే గండం గడిచిందని భావించక, మరుసటి ఏడు కూడా దానిని కనిపెట్టి ఉండాలి. ఆకు వాడిన నాడు చెట్టు నీరు అడుగుతుంది. దారువు తెగిన నాడు అడగడం కూడా మానివేస్తుంది.